పసుపు పొట్లంతో నిజాంసాగర్ కిందికి

బోధన్ నుంచి కార్డు వచ్చింది. రాజవ్వ ఎవరి చేతనో రాయించిన కార్డు. "అన్నా, ఆయన పదిహేను రోజుల సంది ముద్ద ముడుతలేడు. ఏం తింటవని అడిగితే డ్యాం కింది సేప అయితే తింట అంటుండు. బజారుల కొన్కొచ్చి వండితే వాసన సూసి పక్కకు జరిపిండు. నువ్వు గాలాలు పట్టుకొని రా."

ఈ నాలుగు ముక్కలు చదవడానికి నాకు అరగంట పట్టింది. రాసినవాళ్ల దస్తూరీ బాగానే ఉంది.

రాజవ్వ భర్త గంగారాం నాకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచే చోట పని చేశాడు. పుట్టింది మంజీర ఒడ్డున, బెస్తల ఇంట్లో. నేను నిజామాబాదులో పిల్లలకు లెక్కలు చెప్పే పంతుల్ని. బడిలో పొద్దంతా సరైన అంకెలు చెప్పి విసిగిపోయి, బడి బయట ఏ అంకెనూ దాని మానాన దాన్ని వదిలిపెట్టను. "పంతులు చెప్పిన పొడుగుల సగం తీసేస్తె సేప, అండ్ల ఇంక సగం తీసేస్తె నిజం" అనేవాడు గంగారాం. ఏటా మూడు నాలుగుసార్లు ఇద్దరం కలిసి నిజాంసాగర్ డ్యాం కిందికి గాలాలు వేయడానికి పోయేవాళ్లం. కిందటి ఏడాది అతని కడుపులో గడ్డ లేచింది. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు చూసి, కోసి లాభం లేదని ఇంటికి పంపించి రెండు నెలలవుతోంది.

మీలో మంజీర మీది నిజాంసాగర్ చూసినవాళ్లుంటే కట్ట మీద నిలబడి పైన సముద్రంలా పరుచుకున్న నీళ్లను చూసి వచ్చి ఉంటారు. అందరూ అదే చూస్తారు. నేను చెప్పబోయేది కట్ట కింద సంగతి.

నిజామాబాద్: చాంద్ మియా దుకాణం

ఖిల్లా రోడ్డులో చాంద్ మియా దుకాణం ఎంత చిన్నదంటే, ఆయన లోపలికి పోవాలంటే సామాను బయటికి రావాలి. గాలాలు, దారాలు, తాళంచెవులు, సుర్మా డబ్బీలు అన్నీ అక్కడే దొరుకుతాయి. నేను పోగానే అన్నిటికంటే పెద్ద గాలం చూపించమన్నాను. ఆయన తీసి ఇచ్చింది చూస్తే దానికి ఎద్దును కట్టేయవచ్చు.

"రెండియ్యి" అన్నాను.

"ఏం పడ్తవ్ సాబ్ దీనితోని? మొసలినా?"

"పెద్ద చేప కావాలె చాంద్ మియా. ఈసారి తప్పది."

"నీళ్లు చూసినవా?"

"ఇంకా పోలే."

"నీళ్లు చూడకుంటనే గాలమెట్ల కొంటవయ్యా? గంగారాం ఏడి? ఎప్పుడైన వాడే వస్తుండె. గంటసేపు కూసొని సన్నవి ఏరుకొని, ఒక్కొక్కటి గోటి మీద గీకి చూసి కొంచవోతుండె."

నా నోట్లోంచి ఎప్పుడూ పెద్ద మాటలే వస్తాయి. ఆ పూట వచ్చింది చిన్నది. "జర పానం మంచిగలేదు" అన్నాను. చాంద్ మియా నా మొహం చూశాడు.  చెక్క డబ్బా అడుగునుంచి చిటికెన వేలి గోరంత గాలాలు నాలుగు తీసి, పేపరు ముక్కలో చుట్టి నా జేబులో పెట్టాడు. పైసలు ఇవ్వబోతే చెయ్యి తోసేశాడు. "ఇవి వానివి. వానికియ్యి."

బోధన్ రైలు

నిజామాబాదు నుంచి బోధన్ పోయే రైలు గురించి తెలియనివాళ్లకు ఒక మాట. అది ఎంత నెమ్మదిగా పోతుందంటే, ముందు పెట్టెలోవాళ్లు దిగి, పక్క చేన్లో చెరుకు గడ విరుచుకొని, తీరిగ్గా నములుతూ వెనక పెట్టెలో ఎక్కవచ్చు. ఆ రోజు మా పెట్టెలో సుమారు మూడు వేల మంది ఉన్నారు. నా వెదురు కర్రలు రెండూ వాళ్లందరికీ తలా ఒకసారి తగిలాయి.

జానకంపేట దగ్గర పెట్టె కుదిపినప్పుడు నా సంచిలోని ఎద్దు గాలం బయటికి దూకి, ఎదురుగా కూర్చున్నామె బీడీ ఆకు తట్టకు పట్టుకుంది. నేను లాగాను. తట్ట నా ఒళ్లోకి వచ్చింది, ఆకులు పెట్టెంతా పరుచుకున్నాయి.

"ఓ పంతులూ! మంజీరల సేపలు ఒడిసినయా, నా తట్టకేసినవ్ గాలం?" అందామె. పెట్టెంతా నవ్వింది. నేను వంగి ఆకులు ఏరుతుంటే తానూ వంగి, "గింత పెద్ద ముల్లు ఎవలి కోసమే?" అని అడిగింది. చెప్పాను. ఆమె చేతులు కాసేపు ఆగాయి.

"తినబుద్ధయితుందని నోరు తెరిచి అడిగిండు గదా అన్నా?"

"అడిగిండట."

"అయితె ఇంక మనసు ఈడనే ఉన్నట్టు. తీస్కపోయి పెట్టు."

ఈ మాటను నేను ఆ రైలు దిగే లోపల నాలుగు వందలసార్లు తలుచుకున్నాను. ఇది పెంచి చెప్పింది కాదు.

బోధన్: వంద లెక్కపెట్టాలి

చెరుకు ఆడే రోజులు. స్టేషన్ నుంచి ఫ్యాక్టరీ దాకా బండ్లే బండ్లు. మొదటి బండి గేటు లోపల ఉంటే చివరి బండి మహారాష్ట్రలో ఉంటుంది. గాలి నిండా పాకం వాసన. ఆ రోజుల్లో బోధన్‌లో టీలో చక్కెర వేయనక్కరలేదు, కప్పు కాసేపు కిటికీలో పెడితే చాలు.

గంగారాం వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. అతని చొక్కాలో ఇంకొక గంగారాం పట్టేంత చోటుంది. నేను దాని గురించి ఏదైనా తమాషాగా అందామని నోరు తెరిచాను. 

"ఏం పంతులూ, గట్ల సూస్తవ్? నేను సగమైన గదా. నీ లెక్క సరిపోయింది" అన్నాడు తనే.

చాంద్ మియా ఇచ్చిన పొట్లం చేతిలో పెట్టాను. విప్పి, గాలం ముక్కును గోటి మీద గీకి చూసి, "వానికి సమజయింది" అన్నాడు. నా ఎద్దు గాలాలు చూపిస్తే మాత్రం, "అవి ఇంట్ల బట్టలు తలిగేయ పనికొస్తయి. రాజీ, తీస్కపొయ్యి గోడకు కొట్టు" అని కేకేశాడు.

తర్వాత ఎర తయారు చేయడం. అతను చెప్పాలి, నేను కలపాలి. రెండు పిడికెళ్ల తౌడు, ఒక పిడికెడు పల్లిచెక్క పొడి. చక్కెర తీసేశాక మిగిలే నల్లటి మడ్డి, వేలితో ఎత్తితే దారంలా సాగేటంత. చివర్న మినపగింజంత ఇంగువ. పని అయిందో లేదో నోటితో చెప్పేది కాదు. ఒక ముద్దను బకెట్ నీళ్లలో వేసి లెక్కపెట్టాలి. వంద దాకా గట్టిగా ఉండాలి, వంద దాటాక మెల్లగా విచ్చుకోవాలి. ముందే విచ్చుకుంటే చేప గాలం చూస్తుంది. అసలు విచ్చుకోకపోతే వాసన రాదు, చేపే రాదు.

నా మొదటి ముద్ద పన్నెండుకు విచ్చుకుంది.

"మడ్డి ఎక్కువేసినవ్."

"ఎక్కువ తీపి, ఎక్కువ చేపలు."

"నీ మొకం. తీపి సేపకు ఆశ పెట్టాలె. కడుపు నింపొద్దు."

రెండోది ముప్పైకి, మూడోది డెబ్బైకి. నాలుగోదాని దగ్గర నేను కొంచెం తొందరగా లెక్కపెట్టడం చూసి, "లెక్కల పంతులూ, డెబ్బై తర్వాత డెబ్బై ఒకటి రావాలె. ఎనభై గాదు" అన్నాడు. అయిదోది నూట నాలుగుకు విచ్చుకుంది. అప్పుడు కళ్లు మూసుకొని వెనక్కి ఒరిగాడు.

రాజవ్వ సంచిలో జొన్నరొట్టెలు మూటగట్టి పెట్టింది. గంగారాం చూడకుండా చిన్న పసుపు పొట్లం నా చేతికిచ్చింది. చూడకుండా ఇవ్వాల్సిన అవసరం ఏమీ లేదు. ఆ పొట్లం లేకుండా ఎన్నడూ పోలేదు. ఆ ఇంటి కట్టుబాటు అది. నీళ్ల దగ్గరికి పోయినప్పుడల్లా మొదట పడిన చేప గంగమ్మ తల్లిది. దాని తలకు పసుపు పెట్టి నీళ్లలో వదిలేయాలి. రెండోది మొదలుకొని మనిషిది. వాళ్ల నాయన చెప్పాడు, నాయనకు వాళ్ల తాత చెప్పాడు. ఒక వానాకాలం మాకు తొలి చేపగా బొచ్చె పడింది. నా కొలతలో నాలుగు మూరలు, అతని కొలతలో రెండు. పసుపు పెట్టి వదిలేశాడు. పొద్దు గూకేదాకా మళ్లీ ఒక్కటి పడలేదు. నేను తిరుగు బస్సులో బోధన్ దాకా అతనితో మాట్లాడలేదు.

"తెస్తవు గదా అన్నా?" అంది రాజవ్వ.

"రెండు తెస్త చెల్లె. ఒకటి తల్లిది, ఒకటి వానిది."

"రెండంటె నీ లెక్కల ఎన్ని?"

"రెండంటే రెండే."

వర్ని క్యాంపులో టీ

మరునాడు పొద్దున్నే బాన్సువాడ మీదుగా పోయే బస్సు. గంగారామును కిటికీ పక్కన కూర్చోబెట్టి, నడుము వెనక బొంత పెట్టాను. మడ్డి డబ్బా నా కాళ్ల దగ్గర. రుద్రూరు చేరేలోపల జిల్లాలోని చీమలన్నీ టిక్కెట్టు కొనకుండానే ఎక్కాయి. కండక్టరు నన్ను చూసి, డబ్బాను చూసి, గంగారామును చూసి, ముందుకు పోయాడు.

వర్ని దగ్గర బస్సు ఆగుతుంది. నిజాంసాగర్ కాల్వ వచ్చినప్పుడు కృష్ణా, గుంటూరు వైపునుంచి వచ్చి భూములు కొని స్థిరపడినవాళ్ల క్యాంపులు అక్కడ చాలా ఉన్నాయి. రెండు మైళ్లలో తెలుగు మారిపోతుంది. మా వైపు మనిషిని కూర్చోబెట్టి నిన్న ఏం తిన్నావని అడుగుతాం. వాళ్లు ఇవాళ ఏం తింటారని అడుగుతారు, అడిగాక పెట్టకుండా పోనివ్వరు. టీ కొట్టు నడిపే పెద్దావిడ నాలుగు నిమిషాల్లో నాలుగు వందల అండీలు అంది. నేను లెక్కపెట్టాను.

"పెద్దాయనకి వంట్లో బాగోలేదాండీ?"

"లేదమ్మ."

"పోనీ కాస్త మజ్జిగ పుచ్చుకోమనండి. ఉప్పేసి ఇస్తానండి."

గంగారాం గ్లాసు తీసుకొని, ఒక గుక్క నోట్లో పెట్టుకొని, చాలాసేపు ఉంచుకొని, కష్టంగా మింగాడు. మిగతాది నాకిచ్చాడు. ఆవిడ అటు తిరిగి గ్లాసులు కడిగింది. మా వెదురు కర్రలు చూసి, "చేపలకాండీ? మా కృష్ణ ఒడ్డున ఎండు రొయ్యపొట్టు కలుపుతామండీ, ముద్ద వదలవండీ చేపలు" అని కాగితంలో గుప్పెడు పొట్టు కట్టి ఇచ్చింది. గంగారాం వాసన చూశాడు.

"సముద్రపు వాసన. మా మంజీర సేపకు తెల్వదమ్మా. అయిన పెడ్త" అన్నాడు.

బస్సు కదిలాక నాతో మెల్లగా అన్నాడు. "ఆమెకు ఎర్కయింది."

"ఏం ఎర్కయింది?"

"టీ పైసలు తీస్కోలే."

డ్యాం కింద, మొదటి సాయంత్రం

కింద నిలబడి తల ఎత్తితే ఆ గోడకు అంతు కనిపించదు. మేఘాలు దానికి తగిలి, కాసేపు నిలబడి, చుట్టూ తిరిగి పోతాయి. అవతల అన్ని నీళ్లు. ఇవతల రాళ్లు, రాళ్ల మధ్య మడుగులు, గేట్ల సందుల్లోంచి కారే సన్నటి ధారలు. కాల్వకు నీళ్లు పోతున్నాయి కానీ నది ముఖాన ఒక్క గేటు లేవలేదు.

లష్కర్ ఖాజా మియా మాకు ఎప్పటినుంచో తెలుసు. గేట్లకు నూనె పెట్టడం, ఎత్తడం, దించడం ఆయన పని. గంగారామును చూసి పరుగెత్తుకొచ్చి, రెక్క పట్టుకొని బండ మీద కూర్చోబెట్టాడు.

"నీళ్లు ఇడుస్తలేరు గంగారాం. ఇడిస్తె నురగ లేస్తది, సేప ఎగవడి వస్తది. ఇప్పుడు నిద్రవోతున్నయి అన్ని."

"ఒక్క గేటు, ఒక్క గంట" అన్నాను నేను. "నువ్వు ఎత్తు, నేను జైలుకు పోత."

"నీకేంది పంతులూ, జైలుల గూడ కతలు చెప్తవ్. నా నౌకరి పోతది." ఆ మాట అన్నాక గంగారాం వైపు చూసి గడ్డం నిమురుకున్నాడు. రాత్రికి తన క్వార్టరు వరండాలో పడుకోమన్నాడు. చేతనైనది అదే.

గంగారాం నీళ్లను చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఇది మీకూ పనికొస్తుంది. గేటు లేచి నీళ్లు ఎర్రగా ఉరుకుతుంటే లావు దారం, బరువు సీసం, పెద్ద ముద్ద. అప్పుడు చేప కళ్లతో కాదు, ముక్కుతో తింటుంది. నీళ్లు నిలకడగా, తేటగా ఉంటే అంతా తిరగబడుతుంది. సన్న నైలాన్ దారం, అతి చిన్న గాలం, జొన్నగింజంత సీసం, బెండుగా నెమలి ఈక కాడ ముక్క. ఎర గాలాన్ని కప్పేటంతే ఉండాలి. మన నీడ నీళ్లలో పడకూడదు. వాలుగ కావాలంటే కోడి పేగు, కొర్రమట్టకు చిన్న కప్ప. రవ్వ, బొచ్చె అయితే మన ముద్ద.

ముడి వేయడానికి అతని వేళ్లకు పట్టు దొరకలేదు. పాకం చుక్కలు పడి కాలిన మచ్చలున్న వేళ్లవి. ఒకప్పుడు కళ్లు మూసుకొని గాలం కట్టేవి. మూడుసార్లు దారం జారింది. నాలుగోసారి నాకు ఇచ్చి, "రెండు చుట్లు, లోపలికెల్లి తియ్యి, ఉమ్మి పెట్టి గుంజు" అన్నాడు. నేను ఉమ్మి పెట్టి గుంజాను. ఇరవై ఏళ్లలో గాలం నేను కట్టడం అదే మొదలు.

ఆ సాయంత్రం మూడు పీతలు పడ్డాయి. నేను నాచు మీద జారి నడుము దాకా మడుగులో పడ్డాను. గంగారాం పొట్ట పట్టుకొని నవ్వాడు. నవ్వినందుకు కాసేపు ఒరిగి పడుకోవలసి వచ్చింది.

రెండో రోజు

పొద్దున ముద్దలు. పొద్దెక్కాక తడి మట్టి తవ్వి తీసిన ఎర్రలు. తర్వాత వర్ని ఆవిడ రొయ్యపొట్టు. అన్నీ అయ్యాయి. నెమలి ఈక కాడ నీళ్లలో మేకులా నిలబడింది. పది గంటలకు నా కర్ర విల్లులా వంగింది. మొసలే అని అరిచాను. లాగితే తాబేలు. నా గుండ్రటి అంచనాలో అది ఎడ్లబండి చక్రమంత.

నాకు ఆలోచన వచ్చింది. "గంగారాం, దీనికి పసుపు పెట్టి ఇడుద్దాం. నీళ్లల్లకెల్లే గదా వచ్చింది. తల్లి లెక్క అయిపోతది. పడ్డది పడ్డట్టు మనదే."

"తాబేలు తాబేలు. సేప సేప."

"తల్లి అంత చూస్తదా?"

"పంతులూ, నువ్వు పరీక్షల గిట్లనే మార్కులేస్తవా?"

తాబేలును పసుపు లేకుండానే వదిలాము. పోతూ పోతూ అది నా ముద్దలు పెట్టిన ఆకును కూడా నోట కరుచుకొని పోయింది. మిగిలిన ఎర్రలతో మధ్యాహ్నం దాకా చూశాం, అవీ అయిపోయాయి.

బోధన్ పోయే ఆఖరు బస్సు నాలుగింటికి. ఇంకొక రాత్రి ఉండే ఓపిక అతనికి లేదని ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం రాజవ్వ మూట విప్పాను. నేను ఒక రొట్టె తిన్నాను. అతను ఒక ముక్క తుంచి, చేతిలో పట్టుకొని, నా మాటలు వింటున్నట్టు కూర్చొని, నేను అటు చూసినప్పుడు మళ్లీ మూటలో పెట్టాడు. తర్వాత బండ పక్క నీడలో బొంత కప్పుకొని నిద్రపోయాడు.

మూడు దాటింది. ఎర లేదు. మూటలో అతను తినని రొట్టె ఉంది. ఆ ముక్కనే తుంచి, డబ్బా అడుగున అంటుకున్న మడ్డిని గోటితో గీకి కలిపి, బొటనవేలితో మెదిపి మెదిపి, జొన్నగింజకు కొంచెం పెద్దగా చేసి చాంద్ మియా గాలానికి పెట్టాను. నీళ్లలో వేసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. డెబ్బై తర్వాత డెబ్బై ఒకటే.

తొంభై ఆరు దగ్గర ఈక కాడ ఒకసారి తల ఊపింది. మళ్లీ ఊపింది. పడుకుంది. నేను లాగాను.

రవ్వ. వెండిలా మెరుస్తూ, రెక్కల దగ్గర ఎర్రగా. బండ మీద పడి చప్పుడు చేస్తుంటే గంగారాం కళ్లు తెరిచాడు. అతని మొహంలోకి ఎక్కడినుంచో నెత్తురు వచ్చింది.

"పడ్డదా?"

"పడ్డది."

"పసుపు తియ్యి."

బస్సుకు అరగంట కూడా లేదు. రెండోది పడదు. అది నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. జీవితంలో లక్ష అబద్ధాలు ఆడినవాణ్ణి, అవసరానికి ఒక్కటి ఆడలేనా?

"ఇది రెండోది గంగారాం. నువ్వు పండుకున్నప్పుడు తొలిది పడ్డది. పసుపు పెట్టి ఇడిసిన. నిన్ను లేపబుద్ధికాలే."

అతను మోచేతి మీద లేచాడు. నన్ను చూశాడు.

"ఏం సేప?"

"రవ్వనే."

"ఎంతుండె?"

ఇక్కడే నేను తప్పు చేశాను. నమ్మాలంటే తక్కువ చెప్పాలనుకున్నాను.

"గింతే. జానెడు."

 గంగారాం భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకొని, కళ్ల నీళ్లు కారుతుంటే నవ్వుతున్నాడు.

"ఇరవై ఏండ్ల సంది ఎన్నడన్న నాకు జానెడు సేప సూపెట్టినవా పంతులూ? నిజంగ పడితె కట్టెక్కి వచ్చింది, ఖాజా మియాను మింగింది అనెటోనివి. జానెడంట!"

"తినరా. ఈ ఒక్కసారి. నీ కాళ్లు మొక్కుత" అన్నాను. అప్పటిదాకా నేను అతన్ని రా అని పిలవలేదు.

అతను నీళ్ల దిక్కు తిరిగాడు. "ఈ నీళ్లు యాడికి పోతయి పంతులూ?"

"కందకుర్తికి. గోదాట్ల కలుస్తయి."

"నన్ను గూడ ఆడనే కలుపుతరు. ఎన్ని రోజులో లేదు. తల్లి సేప తిని, తల్లి దగ్గరికి ఏం మొకం పెట్టుకొని పోను?"

చేపకు మాత్రం అంత వ్యవధి లేదు, మొప్పలు కొట్టుకుంటోంది. నేను పొట్లం తీశాను. అతని రెక్క పట్టుకొని నీళ్ల అంచుకు తీసుకుపోయాను. అతను వేలితో దాని తలకు పసుపు పెట్టి, రెండు చేతుల్లో నీళ్ల కిందికి దించాడు. అది వెంటనే పోలేదు. అతని చేతుల్లోనే కాసేపు ఊపిరి తీసుకుంది. "పో. మంచిగ పో" అన్నాడు. తోక ఒకసారి కొట్టింది. నీళ్ల మీద కొంచెం పసుపు తేలి, అదీ పోయింది.

ఖాజా మియా బస్సు ఆపి ఉంచాడు. డ్రైవరుకు ఏం చెప్పాడో తెలియదు. మేము ఎక్కేదాకా ఒక్కరూ కసురుకోలేదు.

తిరిగి బోధన్

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. వాకిట్లోకే వాసన వచ్చింది. రాజవ్వ చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, మెంతిపిండి వేసి, పులుసు మరగబెట్టి పెట్టింది. చేప ముక్కలు వేస్తే పది నిమిషాల్లో అయిపోవాలని.

నా చేతి సంచి చూసింది. అది ఎంత తేలిగ్గా ఉందో చీకట్లో కూడా తెలుస్తుంది.

నేను ఏదో ఒకటి చెప్పాలి. కట్ట తెగిందనో, మొసలి ఎత్తుకుపోయిందనో. సంచి వెనక్కి పెట్టుకున్నాను. అప్పుడు గంగారాం మంచం మీద కూర్చుంటూ, రెండు చేతులూ బారలు చాపాడు. ఆ చేతులు అంత దూరం పోతాయని నేను అనుకోలేదు.

"రాజీ, ఏం జెప్పాలె! గింత వాలుగ. మనిషంత. పంతులు గాలానికి పడ్డది. ఇద్దరం కలిసి గుంజినం, ఖాజా మియా మా నడుములు పట్టుకొని గుంజిండు. గోడ మీదికెల్లి సూసెటోళ్లు కేకలు. ఒడ్డుకొచ్చినంక దారం తెంపుకొని పోయె!"

జీవితంలో చేపను ఒక్క వేలు పెంచి చెప్పని మనిషి. రాజవ్వ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"అంత పెద్దదా?" అంది రాజవ్వ.

"అంతకు పెద్దదే" అన్నాడు. "పులుసు వాసనొస్తుంది. జరంత పెట్టు."

ఆమె కంచం తెచ్చింది. వేడి అన్నం కొంచెం, దాని మీద ఎర్రటి పులుసు. అతను కలుపుకున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. రెండో ముద్ద. మేమిద్దరం చూస్తున్నాం. మూడో ముద్ద కలుపుతుంటే రాజవ్వ ముఖం పక్కకు తిప్పుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అంది:

"ముండ్లుంటయి. మెల్లగ సూస్కొని తిను."

"సూస్కొనే తింటున్న" అన్నాడు గంగారాం.

నాలుగు ముద్దలు తిన్నాడు.

ఇంటికి వచ్చాక

అతను పోయి ఇవాళ్టికి నెలన్నర. కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలిసే చోట కలిపాం. అక్కడ నీళ్లలో ఏదో తెల్లగా ఎగిరి పడింది. ఏ చేపో నేను చూడలేదు. చూశానని చెప్పను.

డ్యాం కిందికి గాలాలు వేయడానికి పోయేవాళ్లు ముందు నీళ్లు చూడండి. గాలం తర్వాత కొనండి. ముద్ద వంద దాకా నిలవాలి. తౌడు మరిచిపోయినా రొట్టెతో పని గడుస్తుంది. పసుపు పొట్లం మాత్రం మరవకండి.

ఆ రోజు పడిన రవ్వ జానెడు మీద నాలుగు వేళ్లు ఉంది. అందులో నేను కలిపింది ఒక్క వేలు కూడా లేదు.